పెన్సిళ్లు చెక్కిన దొంగ

ఒకే విషయాన్ని రకరకాల కథలుగా రాయిస్తే పిల్లలకి చెయ్యి తిరుగుతుందని టీచరు నమ్మకం. అందుకే ఆ రోజు బోర్డు మీద "మా ఇల్లు" అని రాసి, కథల రకాలు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తిప్పింది. ఒకడికి దెయ్యం కథ వచ్చింది, ఇంకో అమ్మాయికి హాస్య కథ. బుజ్జమ్మకి అనగనగా కథ వచ్చింది.

ఆ చీటీ చూసి టీచరు కంగారుపడింది. బుజ్జమ్మ ఆమె భర్త మొదటి భార్య కూతురు. పెళ్లయి ఏడాది తిరిగినా, ఇంట్లో కూడా "టీచర్" అనే పిలుస్తుంది. "నా పనులు నేను చేసుకోగలను" అని మొదటి రోజే గిరి గీసుకుని కూర్చుంది. అనగనగా కథల్లో సవతి తల్లి ఏనాడైనా మంచిదైన పాపాన పోయిందా? చీటీలు రాసింది కూడా తనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి!

పిల్లలంతా వంచిన తల ఎత్తకుండా రాస్తున్నారు. బుజ్జమ్మ కాసేపు పెన్సిలు కొరికి, లేచి వచ్చింది.

"టీచర్, నాకు వేరే చీటీ కావాలి."

"ఏం, ఇదెందుకు వద్దు?"

"ఇందులో సవతి తల్లి చెడ్డదై ఉండాలి కదా. మా ఇంటికి కుదరట్లేదు."

టీచరు డబ్బా ముందుకు తోసింది. బుజ్జమ్మ చీటీలన్నీ విప్పి చూసి, డిటెక్టివ్ కథ ఏరుకుని పోయింది.

బుజ్జమ్మ చదివే వంతు వచ్చింది.

"మా ఇంట్లో ఎవరో దొంగచాటుగా పనులు చేస్తున్నారు. మొద్దుబారిన పెన్సిళ్లు తెల్లారేసరికి చెక్కి ఉంటున్నాయి. తడిసిన మేజోళ్లు ఆరిపోయి బూట్లలో కూర్చుంటున్నాయి. ఊడిన గుండీ మళ్లీ చొక్కా ఎక్కింది. ముందు నాన్నని అనుమానించాను. కానీ నాన్నకి సూదిలో దారం ఎక్కించడమే రాదు."

క్లాసంతా గొల్లుమంది. టీచరు మాత్రం నవ్వలేకపోయింది. తను తల్లిగా చెయ్యగలిగింది ఆ కాస్త పనే. ఇక అదీ చెయ్యనివ్వదేమోనని బెంగ పట్టుకుంది.

"ఇంతకీ దోషి ఎవరే?" అని వెనక బెంచీ వాళ్లు అరిచారు.

"నాకు తెలుసు. కానీ దోషి తన నోటితో ఒప్పుకోవాలి." బుజ్జమ్మ కాగితం దించి టీచరు వైపు చూసింది.

ఎలాగో లేచి నిలబడి, "నేనే" అంది టీచరు.

"ఎందుకు చేశారు?"

"అడిగితే వద్దంటావని భయమేసింది, తల్లీ."

బుజ్జమ్మ కాగితం మడిచింది.

"అయితే శిక్ష ఇదే. ఇకమీద దొంగచాటుగా చెయ్యకూడదు. నేను పక్కన కూర్చున్నప్పుడే చెయ్యాలి."