కూర్చున్నందుకు కూలి

గ్రైండింగు చక్రం పగిలి, ఒక ముక్క ఎడంచేతి మేస్త్రి చెవి పక్కనుంచి దూసుకుపోయి వెనకనున్న రేకులో దిగబడింది. ఇంకో రెండంగుళాలు ఇటు వచ్చి ఉంటే అది దిగబడేది ఆయన పుర్రెలోనే. షెడ్డులో ఉన్న నలుగురూ ఒక్క క్షణం ఆగి, మనిషి బతికే ఉన్నాడని చూసుకుని, మళ్ళీ పనిలో పడ్డారు. గేట్లు తయారుచేసే ఆ షెడ్డు ఓనరు మాత్రం పరుగెత్తుకొచ్చి ముందు చక్రాన్ని చూశాడు.

"కొత్తది! పొద్దున్నే బిగించాను. ఒంటి చేత్తో పట్టుకుంటే పగలక ఏం చేస్తుంది?"

"రెండో చెయ్యి పట్టు ఆగదని మీకు తెలుసు కదండీ."

"తెలిసే కదయ్యా ఆరు వందలిస్తున్నాను! రెండు చేతులూ ఉంటే పన్నెండు వందలు ఇచ్చేవాణ్ణి."

లెక్క ఎక్కడా తప్పలేదు. చేతికి ఆరు వందలు.

మేస్త్రి చెవిని తడిమి చూసుకున్నాడు. వేళ్ళకి రక్తం అంటింది. దాన్ని లుంగీకి తుడుచుకుని, మధ్యాహ్నం నుంచి సెలవు కావాలని నిన్ననే అడిగిన సంగతి గుర్తుచేశాడు.

"ఆ పాడ్‌కాస్టుకా? వెళ్ళు. మధ్యలో వెళ్తే రోజంతా రానట్టే లెక్క. ఇంతకీ ఎంతిస్తారేంటి వాళ్ళు?"

పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య కూడా ఇదే అడిగింది. ఇస్తారో లేదో మేస్త్రికే తెలియదు. ఆ పాడ్‌కాస్టు నడిపే యాంకరు దగ్గర మేస్త్రి బావమరిది కారు డ్రైవరు. "నీ కథ లక్షల మంది వింటారు బావా, పేరొస్తుంది" అంటూ నెల రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఆరేళ్ళుగా ఎవరూ వినని మాటని వింటామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆయనకీ పుట్టింది.

ఆరేళ్ళ క్రితం ఆయనవి రెండూ మంచి చేతులే. ఇనుప మంచాలు, బీరువాలు చేసే ఫ్యాక్టరీలో ఆయన వెల్డింగు చేస్తే అతుకు ఎక్కడుందో వేలితో తడిమి వెతుక్కోవలసి వచ్చేది. ఓవర్‌టైము డబ్బు ఎగ్గొడుతున్నారని కూలీలంతా ఒకరోజు గేటు ముందు కూర్చున్నారు. యజమాని తను రాలేదు, ఒక జీపు నిండా మనుషుల్ని పంపాడు. వాళ్ళ నాయకుడు పొట్టి ఇనుపరాడ్డుతో దిగి, "ముందు చెయ్యెత్తింది ఎవడు?" అని అడిగాడు. ఎవరో మేస్త్రిని చూపించారు. ఆ కుడిచేతిని జీపు బానెట్టు మీద పెట్టించి కొట్టాడు. మొదటి దెబ్బకి మేస్త్రి అరిచాడు. రెండో దెబ్బకి లుంగీ తడిసింది. మూడోది ఎవరి చేతి మీదో పడుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. అది చూసినవాళ్ళు చూసినట్టే లేచి పనిలోకి వెళ్ళిపోయారు. కేసు పెట్టాడు గాని సాక్ష్యానికి ఒక్కడూ రాలేదు. అంతమంది భయపడితే ఎవరిని తిట్టాలో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

స్టూడియో మూడో అంతస్తులో ఉంది. గోడలకి నల్లటి స్పాంజి, మధ్యలో గాజు పలక పరిచిన బల్ల, బల్ల మీద మూడు మైకులు. అక్కడ తెల్ల చొక్కా వేసుకుని, నీళ్ళ సీసా చేత పట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే మేస్త్రి కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. ఆ రోజు రాడ్డు పట్టిన మణికట్టు మాత్రం అదే.

"వీడొస్తున్నాడని చెప్పలేదేంరా?"

"చెప్తే నువ్వు రావని సారు చెప్పొద్దన్నారు బావా" అన్నాడు బావమరిది నేలకేసి చూస్తూ. "ఇప్పుడాయన మారిపోయాడు. అందరూ రాడ్డన్న అంటారు. కాలేజీల్లో ఉపన్యాసాలకి పిలుస్తున్నారు. కూర్చో బావా, నా ఉద్యోగం సంగతి చూడు."

కూర్చున్నాడు. నవ్వు మొహం యాంకరు మేస్త్రి ఎడంచెయ్యి పట్టుకుని ఊపి, "మీలాంటివాళ్ళే మా బలం మేస్త్రిగారూ" అన్నాడు. సౌండు చూసే అతను రెండు క్యాబేజీలు, ఒక ఇనుపరాడ్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎపిసోడు మొదట్లో ఎముక విరిగిన శబ్దం వెయ్యాలట. అతను రాడ్డుతో ఒక క్యాబేజీని నాలుగుసార్లు కొట్టాడు. మెత్తగా చప్పుడైంది గాని ఎముకలా వినిపించలేదు.

రాడ్డన్న ఫకాలున నవ్వాడు. "అలా పట్టుకుంటే పుల్ల కూడా విరగదు. ఇటివ్వు. కిందికి పట్టుకోవాలి. భుజం కదలకూడదు, ఊపు మణికట్టులోంచి రావాలి."

కొట్టాడు. క్యాబేజీ ఫట్టున రెండు చెక్కలై, ఒక చెక్క నేల మీద దొర్లింది. చల్లటి చుక్కలు మేస్త్రి మొహం మీద పడ్డాయి. ఆయన కుడిచెయ్యి దానంతటదే బల్ల కిందికి వెళ్ళిపోయింది. సౌండతను చెవుల మీది హెడ్‌ఫోన్సు సర్దుకుని, "అదిరిందన్నా!" అన్నాడు.

రికార్డింగు మొదలైంది. రాడ్డన్న చక్కగా చెప్పాడు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ బొంగురుపోనివ్వాలో అతనికి తెలుసు. "ఒక్కటే దెబ్బ. ఆ ఒక్క దెబ్బ నా చేతినుంచే జారింది గాని తగిలింది నా గుండెకి. ఆ రోజే నేను మారిపోయాను" అన్నాడు.

"మూడు" అన్నాడు మేస్త్రి.

యాంకరు వేలెత్తి ఆగమన్నాడు. తర్వాత చూద్దామన్నట్టు కళ్ళతోనే నచ్చజెప్పాడు. అరగంటకి విరామం ఇచ్చి, ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు.

రాడ్డన్న కుర్చీ దగ్గరికి జరిపి స్నేహంగా అడిగాడు. "నీకెంతిచ్చారు తమ్ముడూ?"

మేస్త్రి చెవి మీద ఎండిన రక్తాన్ని గోటితో గీక్కున్నాడు.

"నాకు ముప్పై వేలు. సగం ముందే పంపించారు. నువ్వు మెతకమనిషిలా ఉన్నావు, తక్కువకి ఒప్పుకోకు."

"నాకేం ఇవ్వలేదు."

"ఊరికే వచ్చావా?" రాడ్డన్న నిజంగానే నోరు తెరిచాడు. "పిచ్చోడివా ఏంటి?"

మేస్త్రికి అప్పుడు మండింది. మనిషి మీద కాదు, ఆ ఆశ్చర్యం మీద. చెయ్యి విరగ్గొట్టేటప్పుడు కూడా ఈ మనిషి ఊరికే కొట్టలేదు, యజమాని దగ్గర కూలి తీసుకునే కొట్టాడు. ఇప్పుడు కొట్టానని చెప్పడానికి రెండోసారి తీసుకుంటున్నాడు. దెబ్బలు తిన్నవాడికి ఆ రోజు కూలి పోయింది, ఆ తర్వాత రోజుకి సగం చొప్పున ఆరేళ్ళు పోయింది, తిన్నానని చెప్పడానికొస్తే ఇవాళ్టిదీ పోయింది.

యాంకరు తిరిగి రాగానే తనకెంతిస్తారని అడిగేశాడు.

"అతిథులకి డబ్బివ్వడం మా పద్ధతి కాదు మేస్త్రిగారూ" అన్నాడు యాంకరు మెత్తగా. "డబ్బు తీసుకుని చెప్తే నిజానికి విలువుండదు."

"ఈయనకిచ్చారు కదండీ."

"ఆయన ప్రొఫెషనలు. ఆయన టైముకి ఒక రేటుంది."

"నా టైముకీ ఉందండీ. ఆరు వందలు."

బావమరిది తలుపు దగ్గర్నుంచి చేతులు జోడించాడు. యాంకరు గడియారం చూసుకుని, మనిషిని అంచనా వేసి, కొత్త బేరం పెట్టాడు. "సరే. చివర్లో మీరు 'క్షమించాను' అని చెప్పి అన్నని కౌగిలించుకోండి. పదివేలిస్తాను. అడుగుతున్నారు కాబట్టే ఇస్తున్నాను, ఎవరికీ చెప్పకండి."

పదివేలు. పదహారు రోజులు చక్రం పట్టుకోనక్కర్లేదు. ఆయన మనసు అటు వెళ్ళలేదని అంటే అబద్ధమవుతుంది. వెళ్ళింది, వెళ్ళి అక్కడే కాసేపు నిలబడింది.

ఒప్పుకున్నట్టే అనుకుని యాంకరు సైగ చేశాడు. మైకుల మీద ఎర్రదీపాలు వెలిగాయి. రాడ్డన్న కళ్ళు తడి చేసుకుని బల్ల చుట్టూ తిరిగొచ్చి, మేస్త్రిని కుర్చీలోంచి లేపి, రెండు చేతులతో గట్టిగా వాటేసుకున్నాడు. ఎముకలు నలుగుతున్నాయి. "అనెయ్ రా, నీ సొమ్మేం పోయింది" అని చెవిలో గొణిగి, పాత అలవాటు చొప్పున కుడిచెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి వంచాడు.

మేస్త్రి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎదురుగా ఉన్న భుజాన్ని కసుక్కున కొరికాడు. రాడ్డన్న కేకపెట్టి వదిలేసి, మైకు స్టాండు మీద పడి, దానితో సహా నేల కూలాడు. తెల్ల చొక్కా మీద ఎర్రగా పళ్ళ గుర్తులు తేలాయి. అతను లేవబోయేసరికి రాడ్డు మేస్త్రి ఎడంచేతిలో ఉంది.

ఎవరూ కదల్లేదు. నేల మీది మనిషి రెండు చేతులూ గుండెకి హత్తుకుని దాచుకున్నాడు. అతను ఏం దాచుకుంటున్నాడో మేస్త్రికి తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు. కొట్టాలని ఒళ్ళంతా కోరింది. రాడ్డు పైకి లేచింది.

బల్ల మీద పడింది. గాజు పలక పగిలి ముక్కలు ఎగిరాయి. మళ్ళీ పడింది. మళ్ళీ పడింది.

"మూడు" అన్నాడు మేస్త్రి, మిగిలిన రెండు మైకుల్లో దగ్గరున్నదాని మీదికి వంగి. "ఒకటి కాదు, మూడు."

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాడ్డు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మళ్ళీ బల్ల కిందికి దాక్కోబోయిన కుడిచెయ్యిని ఎడంచేత్తో పైకి తీసి, గాజు ముక్కల మధ్య అందరికీ కనిపించేలా పరిచాడు.

"పదివేలు నాకొద్దు. ఆ మాట నేననను. నా రోజు కూలి ఇవ్వండి, ఆరు వందలు. క్షమించినందుకు కాదు, కూర్చున్నందుకు."

"బావా, లే, పోదాం" అన్నాడు బావమరిది ఏడుపు గొంతుతో.

"కూలి ఇవ్వనీరా."

యాంకరు చెయ్యి జేబు దాకా వెళ్ళలేదు, తలుపు దాకా వెళ్ళలేదు. గాలిలోనే ఆగింది. "ఆపు, రికార్డింగు ఆపు" అన్నాడు సౌండతనితో.

సౌండతను మేస్త్రి చేతికేసి చూస్తున్నాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.