పరదా అవతలి నాడి

డాక్టరుగారు పట్టుకున్న నాడి కనీజ్‌ది కాదు, ఆమె భర్త సిరాజ్‌ది. ఆ సంగతి ఆయనకు తప్ప ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

సిరాజ్ బోధన్‌లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మాకు గోడ పక్క ఇల్లే. ఆ ఏడు ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు కదిలే రోజుల్లో కనీజ్‌కు బిడ్డ పుట్టీ పుట్టగానే పోయింది. అప్పటినుంచి కనీజ్ నోరు విప్పలేదు. అంతకుముందు బస్తీలో ఏ పెళ్లయినా డోలక్ ఆమె ఒళ్లోనే ఉండాలి. వియ్యపురాళ్లను పాటలో పెట్టి ఏడిపించడంలో ఆమెకు ఎదురులేదు.

తాయెత్తులయ్యాయి, దర్గా అయింది. చివరికి నిజామాబాద్ నుంచి ఆదివారాలు వచ్చే డాక్టరును పిలిచారు. మనసు జబ్బుల గురించి చదివినవాడు, కృష్ణా జిల్లా మనిషి, ఉర్దూ ముక్క రాదు. మధ్యలో మాట చెప్పడానికి, ఆడదాన్ని కదా అని, నన్ను రమ్మన్నారు. నాకు రెండు భాషలూ వచ్చు, నోరు మూసుకోవడమే రాదు.

పరాయి మగవాడి చెయ్యి కోడలి మీద పడకూడదని అత్త మాసూమా పట్టుబట్టింది. డాక్టరేమో పరదా ఇవతల చెయ్యి చాచి కూర్చున్నాడు. పాపం సిరాజ్, ఇద్దరినీ కాదనలేక, లోపలినుంచి తన చెయ్యే బయటికి పెట్టాడు.

"గుండె దడగా ఉంది. నిద్ర పట్టడం లేదు కదూ?" అన్నాడు డాక్టరు.

"లేదు సాబ్," అన్నాడు సిరాజ్ లోపలినుంచి. అతని విషయంలో అది నిజమే.

తిండి గురించి అడిగితే అత్త చెప్పింది. ఏడుపు గురించి అడిగితే నేను చెప్పాను. కనీజ్‌ను ఎవరూ అడగలేదు.

"ఇలాగే ఉంటే వచ్చే వారం హైదరాబాదు పంపాల్సిందే," అన్నాడు డాక్టరు. ఏ ఆసుపత్రికో అందరికీ అర్థమైంది. అక్కడికి వెళ్లొచ్చిన ఆడదాన్ని మా బస్తీ మళ్లీ మనిషిగా చూడదు. పెళ్లాం ఇక తన ఇంట్లో ఉండదని సిరాజ్‌కు భయం పట్టుకుంది.

"చూశారా, చెయ్యి ఎలా చల్లబడిందో," అన్నాడు డాక్టరు.

నేను పరదా పక్కనుంచి తొంగి చూశాను. కనీజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఇక నా వల్ల కాలేదు.

"సాబ్, గా చెయ్యి ఆమె మొగనిది," అన్నాను.

ఆయన చెయ్యి వదిలేశాడు. మొహం ఎర్రబడింది, తర్వాత తనే నవ్వేశాడు. మంచివాడే. "ఆవిడకు ఇష్టమైందేమిటి?" అని అడిగాడు.

"డోలక్. గని ఇప్పుడు పెండ్లిళ్లకు ఎవ్వరం పిలుస్తలేం సాబ్. బిడ్డ పోయిన తల్లి, పాటలు వింటే దుఃఖమైతదని."

"అలాగని ఆవిడ చెప్పారా?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేం అడక్కుండానే ఆ పిల్లకు ఇంత మౌనం వడ్డించాం. సిగ్గేసింది నాకు.

"కనీజ్, మన గల్లీ ఖుద్దూస్ బిడ్డ పెండ్లికి వస్తవా?" అన్నాను ఉర్దూలో.

ఆమె లేచి వెళ్లి పరుపుల వెనకనుంచి డోలక్ తీసింది.

"ఇంట్ల బిడ్డ పోయిన గమీ ఉండంగ పాటలా?" అంది మాసూమా.

"అమ్మీ, పట్నం దవాఖానకు పోవుడు కన్న పెండ్లికి పోవుడు నయం కాదా?" అన్నాడు సిరాజ్. ముసలామె కొడుకు మొహం చూసి, కొంగుతో డోలక్ మీది దుమ్ము తుడిచింది.

పెళ్లిలో ఆడవాళ్లంతా తడిక లోపల, మగవాళ్లు బయట. ఖుద్దూస్ డాక్టరునూ పిలిచాడు. కనీజ్ మొదట తన బిడ్డకు పాడాల్సిన జోలపాట పాడింది. అందరం ఏడ్చాం, అత్త అందరికన్నా గట్టిగా. ఊరుకొమ్మని ఎవరూ అనలేదు. తర్వాత కనీజ్ మొహం తుడుచుకుని దరువు పెంచింది.

"డాక్టర్ సాబ్ ఆయే, నబ్జ్ దేఖే మియాఁ కీ, దవా పిలాయే బీబీ కూ!"

నాడి చూసింది మొగుడిది, మందు తాగించింది పెళ్లానికట. తడిక లోపల నవ్వుల వాన. బయట డాక్టరు అర్థమడిగితే సిరాజ్ తల వంచుకుని చెప్పాడు. ఆయన చేతిలో షర్బత్ ఒలికేదాకా నవ్వాడు.

తర్వాతి ఆదివారం హైదరాబాదు ఊసే లేదు. డాక్టరు పరదాకు వీపు పెట్టి కూర్చుని మమ్మల్నందరినీ వాకిట్లోకి పొమ్మన్నాడు. "ఆమె ఉర్దూ మీకు, మీ తెలుగు ఆమెకు అర్థం కావద్దా?" అన్నాను.

"నాకు అర్థమయ్యేదాకా ఆవిడే చెబుతారు," అన్నాడు.

లోపల కనీజ్ గొంతు మొదలైంది. నేను చెవులు రిక్కించాను. అది చూసి సిరాజ్ తన దూది ఏకే విల్లు తెచ్చుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు. టంగ్ టంగుమని ఏకడం మొదలుపెట్టాడు. ఒక్క మాట వినిపిస్తే ఒట్టు.

"ఏంది సిరాజ్, గింత జోరు?"

"పని ఉంది సుమిత్రక్కా," అన్నాడు నవ్వుతూ. నేను చూశాను, ఆ విల్లు కింద దూదే లేదు.