ఒక్క లీటరు దూరం

డీజిల్ పంపు మెకానిక్‌ని అంటే జనం నన్ను బంకులో డీజిలు కొట్టేవాడనుకుంటారు. నలభై ఏళ్ళుగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇంజనుకి ఎప్పుడు ఎంత డీజిలు అందాలో అంతే అందించే ఇనప పెట్టె ఒకటుంటుంది. దాన్నే పంపు అంటారు. దాన్ని సరిచేసేవాణ్ణి నేను. పేరు అప్పలసూరి, షాపు చీపురుపల్లిలో రాజాం రోడ్డు మీద. ఒకప్పుడు షాపు ముందు బస్సులూ లారీలూ వరసకట్టేవి. ఇప్పుడొచ్చే బళ్ళకి అన్నీ కంప్యూటర్లేనట, లాప్‌టాప్ తగిలించి చూస్తారట. చూసుకోమనండి. నా దగ్గరికి నెలకో పాత లారీ వస్తే గొప్ప. మా ఆవిడ సుభద్రమ్మ పోయి ఆరేళ్ళయింది. పొద్దున్న షట్టరెత్తుతాను, సాయంత్రం దించుతాను. మధ్యలో ఒక్క మనిషితో కూడా మాట్లాడని రోజులుంటాయి.

మొన్న శనివారం పొద్దున్న టీ తాగుతుంటే ఒక చప్పుడు వినిపించి గ్లాసు కింద పెట్టేశాను. ఆ బస్సు చప్పుడు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి రోజుకి రెండుసార్లు అది నా షాపు ముందు నుంచి వెళ్ళేది. రెండుసార్లూ నేను మొహం గోడవైపు తిప్పుకునేవాణ్ణి. అది నా పాత నేస్తం బెన్హర్ బస్సు, ఎనభై ఆరో సంవత్సరం మోడలు. బెన్హర్ పోయి నెల దాటింది. నేను సమాధికి వెళ్ళలేదు. శవపెట్టె రోడ్డు మీద వెళ్తున్నప్పుడు షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను.

ఎవరో కుర్రాడు తోలుకొచ్చిన ఆ బస్సులోంచి బెన్హర్ కూతురు దీవెన దిగింది. విజయనగరంలో నర్సు. చిన్నప్పుడు నా షాపులో బేరింగు గోళీలతో ఆడుకునేది. ఇప్పుడు జుట్టులో ఒక తెల్ల పాయ కూడా వచ్చింది. బస్సు అమ్మేశానని చెప్పింది. భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ఎవరో కొత్త హోటలు పెడుతున్నారట. పాత బస్సుని ముందు నిలబెట్టి లోపల టేబుళ్ళు వేస్తారట. ఇంజను అక్కర్లేదు, పీకేస్తారట. నాకు ఒళ్ళు మండింది. ఇంజను లేని బస్సులో కూర్చుని తింటే అరుగుతుందా ఎవడికైనా? హోటలు డ్రైవరు సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్తాడని చెప్పి, తాళాలు నా బల్ల మీద పెట్టింది.

"పోయేముందు నాన్న ఒక మాటన్నాడు మావయ్యా. బండి ఎవరికిచ్చినా ముందు సూరి బావకి సూపించు, ఆడి సీలు ఆడే ఇప్పాల అన్నాడు."

చర్చిలో పనుంది, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది.

సీలు సంగతి చెప్పాలి. పంపుని ఇంజనుకి కలిపే చోట రెండు గీతలుంటాయి. అవి ఎదురెదురుగా నిలిస్తే డీజిలు సరైన క్షణానికి అందుతుంది. వెంట్రుకవాసి తప్పినా ఆలస్యంగా మండి వృథా అవుతుంది. ఆ గీతలు కలిపి, పైన రేకు మూత బిగించి, బోల్టులకి వైరు చుట్టి, సీసపు బిళ్ళ పెట్టి పట్టకారుతో నొక్కుతాను. బిళ్ళ మీద 'అ.సూ.' అని పడుతుంది. దాన్ని తెంపకుండా లోపల ఎవడూ వేలు పెట్టలేడు.

అప్పట్లో ఆ బస్సు ఓనరు మురళీమోహన్, బెన్హర్ డ్రైవరు. మిగతా డ్రైవర్లు లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లు తెస్తే బెన్హర్ అయిదున్నర తెచ్చేవాడు. తడి ముగ్గు పక్కన అడుగేసినట్టు ఉండేది వాడి కాలు. పంపు చేసినప్పుడల్లా సీసా పరీక్ష పెట్టేవాళ్ళం. ట్యాంకు పైపు విప్పేసి, లీటరు డీజిలున్న సీసా క్యాబిన్లో వేలాడదీసి, ఇంజను ఆగేదాకా రాజాం వైపు నడపడం. ఆగిన చోటే బ్రేకు. ఎప్పుడూ అయిదున్నర కిలోమీటర్ల దగ్గర, ఒకే కల్వర్టు ముందు ఆగేది. దాని గట్టు మీద బెన్హర్ తెల్ల రంగుతో గీత గీశాడు. అక్కడ కూర్చుని ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తినేవాళ్ళం. వాడు కళ్ళు మూసుకుని ప్రార్థన ముగించేలోగా నేను సగం పొట్లం ఖాళీ చేసేవాణ్ణి. లీటరు అయిపోతే పైపుల్లోకి గాలి దూరుతుంది, అది తీస్తేగాని ఇంజను లేవదు. ఇద్దరి పని అది. నేను చేతిపంపు కొట్టేవాణ్ణి. వాడు స్క్రూ వదులుచేసి, నురగ పోయి చిక్కటి డీజిలు వచ్చేదాకా చూసి, "సాలు బావా" అని బిగించేవాడు.

పదకొండేళ్ళ కిందట ఆ బస్సు పంపు విప్పి మళ్ళీ నేనే బిగించాను. వారానికల్లా మైలేజీ నాలుగుకి పడిపోయింది. ఓనరు నా షాపుకే వచ్చి, నలుగురి ముందు, ఏంటి సంగతని అడిగాడు. బెన్హర్ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"బావా, కళ్ళద్దాలెట్టుకొని గీతలొకసారి సూడు. లేదంటే సీసా కట్టు. ఒక్క లీటరు. తేలిపోతాది."

నిజం చెబుతున్నాను, అప్పటికే నాకు దగ్గర చూపు మసకేసింది. గీతలు చేత్తో తడిమి కలుపుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. కళ్ళు కనపడని మెకానిక్‌కి బండి ఎవడిస్తాడు? వాడు ఆ మాట అనేసరికి నలుగురిలో బట్టలూడదీసినట్టయింది. నోటికొచ్చింది అనేశాను.

"నా చేతికి పరీక్ష ఎట్టీపాటివాడివేటిరా నువ్వు? డీజిలు ఎక్కడ అమ్ముకుంటన్నావో అది సెప్పు ముందు."

ఓనరు నా మాటే నమ్మాడు. బెన్హర్‌ని పనిలోంచి తీసేశాడు. రెండేళ్ళు వాడు ఇటుకల ట్రాక్టరు తోలాడు. తరవాత ఓనరు బస్సులు వదిలించుకుంటుంటే, వాడు ఉన్న కాస్త పొలం అమ్మి ఆ బస్సే కొన్నాడు. ఇప్పుడు వాడి బండిలో వాడే డీజిలు దొంగిలించుకోడు కదా, అయినా నాలుగే వస్తోందని ఎవరో చెబితే, ఇంజను ముసలిదైపోయిందిలే అని కొట్టిపారేశాను. సుభద్రమ్మ పోయిన రోజున జనంతో ఉన్న బస్సుని మా వీధి చివర ఆపి, దిగి, తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పిలుస్తానేమోనని చూశాడు. నేను పిలవలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

దీవెన వెళ్ళాక బస్సు పక్క మూత ఎత్తాను. సీలు ఉంది. నూనె మడ్డి కింద, వేలితో తుడిస్తే 'అ.సూ.' అని నిగనిగలాడింది. పట్టకారున్న ఏ మెకానిక్ అయినా నిమిషంలో తెంపేసి, గీతలు సరిచేసి, లీటరుకి అయిదున్నర తెచ్చి ఇచ్చేవాడు. బెన్హర్ తెంపనివ్వలేదు. నేను వచ్చి విప్పుతానని ఇన్నాళ్ళూ కాచుకున్నాడు.

ముందు సీలు ముట్టుకోలేదు. అటక మీంచి సీసా దించి, కడిగి, లీటరు పోసి కట్టాను. పదకొండేళ్ళ కిందట కట్టాల్సిన సీసా. కల్వర్టు దాకా వెళ్తే బెన్హర్ డీజిలు అమ్మినట్టు, ఈలోగా ఆగిపోతే నేను తప్పినట్టు. బస్సులో ఒక్కణ్ణే. రెండు కిలోమీటర్ల దాకా, సిగ్గులేకుండా చెబుతున్నాను, కల్వర్టు రావాలనే అనుకున్నాను. మూడు దాటాక డ్రైవరు సీటు పక్కన చూశాను. వాడి తువ్వాలు ఇంకా అక్కడే కడ్డీకి చుట్టి ఉంది. అప్పుడు మనసు తిరగబడింది. ఆగవే, నీకు దణ్ణం పెడతాను, ఇక్కడే ఆగిపో అని ఇంజన్ని బతిమాలుకున్నాను. సరిగ్గా నాలుగు కిలోమీటర్ల దగ్గర, పాత రైసుమిల్లు ముందు, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బ్రేకు వేశాను. కల్వర్టు కనుచూపు మేరలో కూడా లేదు.

కిందకి దిగి సీలు తెంపాను. మూత తీశాను. మూడేళ్ళ కిందట కంటి ఆపరేషను చేయించుకున్నాను కాబట్టి ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. గీతలు కలవలేదు. మధ్యలో బియ్యపుగింజ పట్టేంత సందు. బిగించింది నా చెయ్యే. వేరే చెయ్యి పడలేదని నా సీలే సాక్ష్యం. మిల్లు గోడ నీడలో కూర్చుని ఏడ్చాను. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ముసలాడు బండి చెడిపోయి ఏడుస్తున్నాడనుకుని ఉంటారు.

గీతలు కలిపాను. వెంట తెచ్చిన డబ్బాలోంచి డీజిలు పోశాను. గాలి తియ్యాలి. ఎడం చేత్తో చేతిపంపు కొడుతూ కుడి చెయ్యి స్క్రూ దాకా చాచాను, అందలేదు. నాలుగు కొట్టుళ్ళు కొట్టి, అటు పరిగెత్తి స్క్రూ బిగించి, మళ్ళీ ఇటొచ్చి కొట్టి, అరగంట పట్టింది. చిక్కటి డీజిలు వచ్చినప్పుడు "సాలు బావా" అని నేనే అనుకున్నాను. ఇంజను ఒక్క తిప్పుకే లేచింది.

సాయంత్రం దీవెన వచ్చేసరికి చేతులు కడుక్కుని, శుభ్రమైన చొక్కా వేసుకుని నిలబడ్డాను. ఈ మాట నలుగురి ముందూ చెప్పాల్సింది. కానీ ఓనరు పోయాడు, ఆ రోజు విన్న నలుగురూ ఎక్కడున్నారో తెలీదు. వినడానికి ఈ పిల్ల ఒక్కతే మిగిలింది.

"తప్పు నాదే తల్లీ. గీతలు నేనే తప్పించాను. మీ నాన్న సుక్క డీజిలు అమ్మలేదు."

దీవెన నావైపు చూసింది. కోపం లేదు. అది ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"అమ్మలేదని మాకు తెల్సు మావయ్యా. మీకు తెలవలేదనే ఆయన బెంగ."

హోటలు డ్రైవరు వచ్చి సీటెక్కాడు. దీవెన బస్సు మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ దించి, మూతకి సీలు వెయ్యలేదేమని అడిగింది. ఇంజను పీకేస్తారు కదమ్మా, సీలెందుకన్నాను. నాన్న బండి మీ సీలు లేకుండా ఎప్పుడూ తిరగలేదు, వెయ్యండి అంది. వైరు చుట్టి, సీసపు బిళ్ళ పెట్టి, పట్టకారుతో నొక్కాను.

దీవెన ఎక్కాక బస్సు కదిలింది. సెంటరు మలుపు తిరిగేదాకా రోడ్డు వైపే మొహం పెట్టి నిలబడి ఆ చప్పుడు విన్నాను. పొగ లేదు, దగ్గు లేదు, ముసలి ఇంజను నిబ్బరంగా పోతోంది. సరిగ్గా ఉందిరా బెన్నూ అని చెప్పబోయి పక్కకి తిరిగాను. ఎదురుగా గోడ ఉంది.