విహారమునకు బోయిన వేదాంతి

గ్రీష్మాంతమున కృష్ణవేణీనది తన విశాలసైకతశయ్యపై కృశించి యొక సన్నని జలరేఖగా మిగిలి మందమందముగా బ్రవహించుచుండెను. మధ్యాహ్నమార్తాండ ప్రచండకిరణసంతప్తములైన తీరశిలలు నిప్పుకలవలె మండుచుండ ధూళిధూసరితములైన వృక్షములయందు పక్షికూజితమైనను వినరాకుండెను. అట్టివేళ వేదాంతవిద్యావిశారదుడని యాంధ్రదేశమంతట బేరువడసిన భవస్వామి చేతికఱ్ఱ యూతగా గొని యావలిగట్టు కొండపై శిథిలప్రాయమైయున్న బౌద్ధవిహారమునకు మెల్లమెల్లగా నెక్కుచుండెను.

ఆతని యలసట మార్గజనితము గాదు. గడచిన శీతకాలమున నాతని యేకపుత్రిక విషజ్వరపీడితయై మరణించెను. చితియెదుట నిలిచి భవస్వామి దేహమే నశించునుగాని యాత్మకు నాశము లేదని శిష్యులకు బోధించెను. ఆతని కన్ను చెమర్చలేదు. జనులు మహాజ్ఞానియని కొనియాడిరి. అది మొదలాతనికి అన్నము సహింపదయ్యెను. పాఠము చెప్పుచు చెప్పుచు నడుమ వాక్యము మరచి శూన్యమును జూచుచుండెను. తానింతకాలము బోధించిన విద్య తన్నే నిలుపలేకపోవుటచే, ఆత్మయే లేదని యౌవనమున రాజసభలో తనతో వాదించిన ధర్మనందిస్థవిరుడను బౌద్ధభిక్షువు మార్గమే సత్యమేమోయను సంశయము పుట్టి, యోటమి నంగీకరించి కాషాయము వేడుటకై బయలుదేరెను.

విహారమున సంఘము లేదు. ఓడవర్తకుల దానములుడిగినందున భిక్షువు లన్యదేశములకు దరలిపోయిరి. నడువలేని ధర్మనంది మాత్రము చైత్యము నీడను చిరుగుచాపపై బడియుండెను.

“భదంతా! నేను భవస్వామిని. నాటి వాదమున నేడోడితిని. నా విద్య నన్ను విడిచినది. దుఃఖమును దాటించు మార్గము నీయొద్ద నున్నచో నాకొసగుము.”

ధర్మనంది యాతని నానవాలుపట్టి పొడిదగ్గు దగ్గి యిట్లనెను. “ఆర్యా! నా శిష్యుడు వీరదత్తుడు పాముకాటున మృతినొందిననాడు సర్వము క్షణికమని నేనును బోధించితిని. పిదప గోడవైపు తిరిగి పసివానివలె నేడ్చితిని. నీకేమి వాటిల్లినది?”

“నా కుమార్తె పోయినది.”

“ఆమె పేరేమి?”

భవస్వామి చేతికఱ్ఱను నేలపై బెట్టెను. ఇన్ని మాసములుగా నెందరో వచ్చి దేహమనియు జీవుడనియు కర్మయనియు బలికిరే గాని యా పేరు నడిగినవారు లేరు. తానును దానిని మరల నుచ్చరించి యెఱుగడు.

“భద్రిక” యని యెట్టకేలకు బలికెను. “పెరుగన్నము ముద్దలు చేసి పెట్టినగాని తినెడిది కాదు. పెద్దదైన పిదపను నా చేతిముద్దకై పీట వాల్చుకొని కూర్చుండెడిది” యనుచు నేల గూలబడి బిగ్గరగా రోదించెను. స్థవిరుడు ధర్మము చెప్పలేదు. చేయి చాచి పండితుని వీపుపై నుంచెను.

ప్రొద్దు వాలునప్పటికి భవస్వామి యేడ్చి యేడ్చి డస్సిపోయి “కాషాయమెప్పు డొసగెదవు?” అని యడిగెను.

“లేవనోపను, ఆర్యా. నిన్నటినుండి యాకలిగా నున్నది” అని ధర్మనంది హీనస్వరమున బలికెను.

ఆచారనిష్ఠాగరిష్ఠుడైన యా బ్రాహ్మణుడు భిక్షువుల వంటకుండను ముట్టుటకు క్షణకాలము సంకోచించెను. పిదప బొయ్యి రాజవేసి కుండయడుగున మిగిలిన నూకలతో జావ కాచి మొదట వృద్ధునకు ద్రాగించి మిగిలినదానిని అదే పాత్రతో తాను ద్రావెను. చాలకాలమున కది యాతనికి సహించెను.

వర్షర్తువు ప్రవేశించిన పిదప శిష్యులు గురువును వెదకికొనుచు కొండయెక్కి వచ్చిరి. పొగబారిన యుత్తరీయముతో పొయ్యికడ గూర్చున్న యాతనిని జూచి నివ్వెరపడి “స్వామీ! ఆత్మ కలదని ధర్మనంది యొప్పుకొనెనా, లేదని తామొప్పుకొంటిరా?” అని యడిగిరి.

“ఆ మాటవరకు వచ్చుటకు మాకింకను తీరిక చిక్కలేదు, నాయనలారా! మెల్లగా మాటలాడుడు. ఆయన రాత్రియెల్ల దగ్గి యిప్పుడే నిదురించెను” అని భవస్వామి యలసిన మోకాళ్లపై జేతులూని వంగి తడికట్టెలనుండి లేచుచున్న పొగలో గన్నులు చికిలించుకొనుచు మరల నిప్పు నూదసాగెను.