బొంగరం కుదుటపడింది

బడి క్యాంటీన్‌లో పద్నాలుగేళ్లుగా గరిటె తిప్పుతున్నాను. ఏ పిల్ల ఎంత తింటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గొప్పలు పోయేదాన్ని. మూడో తరగతి పిల్ల ఒకటి ఆ గొప్పంతా దించేసింది.

దాన్ని అందరూ బొంగరం అంటారు. ఒక్కచోట నిలవదు. తింటూ తింటూ లేచి కిటికీ దగ్గరికి పోతుంది, వస్తూ వస్తూ నాలుగు గ్లాసులు పడగొడుతుంది. డాక్టరు ఏడీహెచ్‌డీ అని తేల్చి మందు రాశాడట. వాళ్లమ్మకు మందు రుచించలేదు. ఫోన్‌లో ఎవరో మహాతల్లి తిండితోనే నయం చేస్తానని చెప్పిందట. ఇంకేం, చక్కెర బంద్, పాలు బంద్, రొట్టె బంద్. ఓ సోమవారం ఆవిడ నా చేతికి చిన్న డబ్బా ఇచ్చి, "అక్కా, ఇది తప్ప దానికి ఇంకేమీ పెట్టకండి" అంది. మూత తీసి చూశాను. ఉప్పు లేని ఉడికించిన గింజలు, నాలుగు పచ్చి ఆకులు. మేక కూడా ముఖం తిప్పుకునే సరుకు.

మూడు వారాలకు బొంగరం ఆగింది. క్లాసులో చేతులు కట్టుకుని కూర్చుంటోందని టీచరమ్మ మురిసిపోయి, తల్లుల సమావేశంలో వాళ్లమ్మను లేపి మాట్లాడించింది. నేను టీ అందిస్తున్నాను. "మందులెందుకండీ, అంతా వంటింట్లోనే ఉంది" అని ఆవిడ సెలవిస్తుంటే, మిగతా తల్లులు గింజల పేర్లు రాసుకుంటున్నారు. బతుకంతా వంటింట్లోనే ఉన్న నన్ను మాత్రం ఒక్కరూ ఏమీ అడగలేదు.

కప్పులు తీసుకుని వెనక గుమ్మం దాటాను. బొంగరం అక్కడ డబ్బాను చెత్తబుట్టలో బోర్లిస్తోంది.

"ఎన్నాళ్లనుంచే ఇలా?"

"రోజూ. ఇంట్లో కూడా రెండు ముద్దలే తింటాను పెద్దమ్మా. వాంతి వస్తుంది."

"ఆకలెయ్యదూ?"

"వేస్తుంది. లేస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే కూర్చుంటాను." డబ్బా మూత పెడుతూ అంది, "అమ్మకు చెప్పకు. బాగైపోయానని తిట్టడం మానేసింది."

ఖాళీ డబ్బా తిరిగొచ్చినప్పుడల్లా శభాష్ అంటూ కడిగి పంపింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గే కోపమై, దాని చెయ్యి పట్టుకుని నేరుగా హాల్లోకి నడిచాను.

"వైద్యం బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇలా కడుపు మాడిస్తే ఏనుగు కూడా కుదురుగానే కూర్చుంటుంది!"

"నువ్వు వెళ్లి వంట చూసుకో" అంది టీచరమ్మ.

"దానికే వెళ్తున్నాను. ఈ పిల్ల మూడు వారాలుగా కడుపునిండా తినలేదు. మీరంతా చప్పట్లు కొట్టింది దానికే."

తల్లి ముఖం పాలిపోయింది. మా వెనకే క్యాంటీన్‌లోకి వచ్చింది. నేను గుడ్డు, రొట్టె, ఉడికిన బంగాళాదుంపలు పళ్లెంలో పెట్టి పిల్ల ముందుంచాను. అది గుటకలు మింగుతోంది కానీ చెంచా ముట్టడం లేదు.

"తినవే తల్లీ" అంది వాళ్లమ్మ.

"తింటే మళ్లీ పరిగెడతాను. మళ్లీ తిడతావు."

"తిట్టను. ఒట్టు" అంటూ ఆవిడ ఏడ్చేసింది.

పిల్ల ఆ ఏడుపును నమ్మలేదు. తల తిప్పి నా వైపు చూసింది.

"తిడితే అడగడానికి నేనున్నాను" అన్నాను.

అప్పుడు చెంచా ఎత్తింది.