దిష్టికి కట్టిన మసిరాజు

మదీనాగూడలో నాది బొమ్మల దుకాణం. సినిమా ఆడితే దాని బొమ్మ పోతుంది, ఆడకపోతే అటక మీద పడుంటుంది. మసిరాజు అనే విలన్ మొదటిసారి వచ్చినప్పుడు వాడి మాస్కులు దొరక్క పిల్లలు ఏడ్చారు. అందుకే రెండో భాగానికి ముందే గోదాము నింపాను. ఈసారి వాడే హీరో అన్నారు. తీరా చూస్తే సినిమా పొడుగునా మసిరాజు తల్లిని తలచుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. మాస్కు మీద కూడా కళ్ల కింద కన్నీటి చారలు వేశారు. ఏడ్చే విలన్ ఏ పిల్లవాడికి కావాలి?

"కోరలున్నయి, గుడ్లున్నయి. బిల్డింగులకు దిష్టిబొమ్మ కింద అమ్మరాదు?" అంది నా భార్య రుక్కమ్మ.

ఆ మాటతో సరుకు కదిలింది. కొండాపూర్‌లో లేస్తున్న బిల్డింగులన్నిటికీ మసిరాజు ఎక్కాడు. మా ఇంటి మీద వేస్తున్న పై అంతస్తుకూ ఒకటి కట్టాను. కాన్పయ్యాక నా కూతురు కృష్ణప్రియ బిడ్డతో అక్కడే ఉండాలి.

కొన్నాళ్లకు, పనిచోట కాపలా ఉండే యాదయ్య నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"సేటూ, బొమ్మ రోడ్డు దిక్కు సూడాలె గద. నువ్వు పైకొస్తే లోపలికి తిరుగుతది."

"గాలికి, యాదయ్యా."

"గాలి నీ ఎంబడే వస్తదా?"

అతని ఎదుటే మేకులు కొట్టి బిగించాను. మర్నాడు పైకెక్కి, ఈ గది కిరాయికిస్తే ఎంత వస్తుందోనని చూస్తూ నిలబడ్డాను. మసిరాజు నా వైపే ఉన్నాడు. మేకులు మాత్రం గోడలోనే ఉన్నాయి.

వ్యాపారస్తుణ్ణి, ఒక్కచోట చూసి నమ్మను. స్కూటరు మీద కొండాపూర్ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలడం లేదు. ఒక టవరు కింద ఆగి, ఈ ఫ్లాటు ఎంత పలుకుతుందోనని తలెత్తాను. పైన బొమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. పక్క బిల్డింగు దగ్గరా అంతే. ఆ తర్వాతి దాని కింద, దుకాణానికి తాళం వేశానా లేదా అని ఆలోచిస్తూ ఓరగా చూశాను. బొమ్మ కదల్లేదు. వెల కట్టాను. తిరిగింది.

సరుకు మంచిదే. దిష్టి ఎటుంటే అటు చూస్తోంది.

ఇంటికొచ్చి మా బొమ్మను ఊడదీసి, గోనెసంచిలో మూటకట్టి మెట్ల కింద పడేశాను.

కృష్ణప్రియ వచ్చిన రోజు రుక్కమ్మ గడపలో దిష్టి తీసి లోపలికి పిలిచింది.

"సూడు నాయినా, ఎవరి పోలికో చెప్పు," అంటూ కూతురు పసిదాన్ని నా ముందుకు తెచ్చింది.

బొద్దుగా ఉంది. మంచి రంగు. మా చుట్టాల్లో ఎవరింట్లోనూ ఇలాంటి పిల్ల లేదు, అనుకుంటుండగానే మెట్ల కింద సంచి గరగరమంది.

చప్పున గోడవైపు తిరిగాను.

"గదేంది నాయినా, మనవరాల్ని సూడవా?"

"చుక్క పెట్టు బిడ్డా. బుగ్గ మీద పెట్టు."

"పెట్టిన నాయినా."

సంచి ఇంకా కదులుతోంది.

"ఇంక పెద్దగ పెట్టు," అన్నాను, గోడ మీంచి కళ్లు తిప్పకుండా.