మెడ బొత్తాం లెక్కలోకి రాదు

అత్తగారి ఓటు కొడుకు జేబులో ఉండేది. గిట్టనివాళ్ళు కల్పించిన మాట కాదిది. కొడుకే నలుగురిలో నిలబడి పళ్ళికిలిస్తూ చెప్పుకునేవాడు.

"మా ఇంట్లో నావి రెండు ఓట్లు. నాదీ, మా అమ్మదీ. మా ఆవిడది మాత్రం అడక్కండి. దాన్ని జేబులో పెట్టుకుంటే జేబు చిరుగుతుంది."

నలుగురూ నవ్వేవాళ్ళు. అతనేం దుర్మార్గుడు కాదు. బస్సుల షెడ్డులో మెకానిక్కు. తల్లికి చూపు పోయాక కంచంలో కూర ఏ పక్కనుందో చెప్పి మరీ వడ్డించే మనిషి. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తనకి నచ్చిన చోట తనే నొక్కేసి, మళ్ళీ జాగ్రత్తగా ఇంటికి తీసుకొచ్చేవాడు. అడగాలని అతనికి తోచలేదు. ప్రేమ ఉన్నచోట అడగనక్కర్లేదు అనుకునే మగవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఆడవాళ్ళూ తక్కువేం లేరు, ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

కిందటి ఎన్నికలప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగింది అత్తగారు. "ఎవరికేశావురా?"

"గెలిచేవాడికేలే అమ్మా. నీ ఓటు వృథాగా పోనిస్తానా?"

కాసేపటికి పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపిస్తే కోడలు వెళ్ళి చూసింది. అత్తగారు పంపు కింద వేలు పెట్టి, సబ్బూ పీచూ పట్టుకుని సిరా గుర్తును రుద్దుతోంది. చుట్టూ చర్మం కందిపోయింది.

"అది పోదు అత్తయ్యా. గోరు పెరిగితే అదే పోతుంది."

"నేను వెయ్యని ఓటుకి ఈ మచ్చ నాకెందుకే?"

కోడలు పంపు కట్టేసి, తన కొంగుతో ఆ వేలు తుడిచింది. ఆ మాట మాత్రం ముల్లులా లోపల దిగబడి ఉండిపోయింది.

ఈసారి వార్డు ఎన్నికలు వచ్చాయి. అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు అత్తగారు ఉన్నట్టుండి అంది. "ఈసారి ఓటుకి నాతో కోడలొస్తుంది."

కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "అదేంటమ్మా? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదా! అన్నీ నువ్వే చేశావురా నాయనా, అదే గొడవ."

కోడలికి నవ్వొచ్చి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. "సరే, అత్తాకోడళ్ళు ఒకటయ్యారు. ఇక ఈ వార్డుని దేవుడే కాపాడాలి."

"దేవుడికి ఓటు లేదులే, నువ్వు అన్నం తిను" అంది తల్లి.

కోడలు పైకి నవ్విందేగానీ లోపల ఆమెకి ఈ ఎన్నికలు ఆటగా లేవు. చొక్కాలు కుట్టే కంపెనీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని ఆమెది. అదే కంపెనీలో అత్తగారు కళ్ళున్నంత కాలం బొత్తాలు కుట్టింది. అక్కడి సూపర్‌వైజరు ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకు తిరిగేవాడు. వెళ్ళాలంటే వాడి ముందు చేతులు కట్టుకు నిలబడాలి. ఆడవాళ్ళు ఒకరోజు పని ఆపి గేటు దగ్గర కూర్చున్నారు. వాళ్ళతోపాటు మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి పక్క వీధి బడి పంతులమ్మ ఒక్కతే. తాళం ఊడేదాకా ఆవిడ లేవలేదు. ఆ పంతులమ్మ ఇప్పుడు నిచ్చెన గుర్తు మీద నిలబడింది. కోడలు షిఫ్టు దిగి ఇంటికి రాకుండానే ఇల్లిల్లూ తిరిగి ఆవిడకి ప్రచారం చేసింది. కాళ్ళు వాచాయి. గొంతు బొంగురుపోయింది.

ఎదుటివాళ్ళలో గట్టివాడు గొడుగాయన. ఇప్పటికే పదవిలో ఉన్నాడు. వార్డుని ముంచిందీ లేదు, తేల్చిందీ లేదు. వెలిగే దీపాలు వెలుగుతున్నాయి, ఆరినవి ఆరిపోయాయి. కోడలికి అతని పేరెత్తితే ఒళ్ళు మంట. గేటు దగ్గర కూర్చున్నప్పుడు కబురు పంపితే "చూద్దాం" అని తిరుగు కబురు పంపి ఊరుకున్న మనిషి.

అంట్లు తోమడం అయ్యాక అత్తగారు పిలిచింది. పక్క గదిలో కొడుకు రేడియో వింటున్నాడు.

"ఆ నమూనా ఓటు కాగితం ఉంది కదా, వరసగా చదువు."

కోడలు దీపం కిందికి కాగితం పట్టుకుంది. "పైన తాళంచెవి. తర్వాత కుర్చీ. తర్వాత నిచ్చెన. తర్వాత గొడుగు. అడుగున గంట."

"పేర్లు కూడా చదవవే." కోడలు పేర్లూ చదివింది. నిచ్చెన దగ్గర గొంతు తెలియకుండానే తియ్యనైంది.

"ఓటు పెట్టె మీద బొత్తాలు ఎట్లా ఉంటాయి? అడ్డంగానా, నిలువుగానా?"

"నిలువుగానే అత్తయ్యా. పైనుంచి కిందికి, చొక్కాకి ఉన్నట్టే."

"ఓహో, చొక్కాకి ఉన్నట్టేనా!" ఆవిడ ముఖం విప్పారింది. ఇన్నాళ్ళూ ఆ పెట్టె ఎలా ఉంటుందో ఎవరూ ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. ఒళ్ళో చేతులు కదిలాయి, ఎప్పటిదో చొక్కా ఒకటి సర్దుకున్నట్టు. "అయితే నాది మూడో బొత్తాం. ఎవరూ ఏమిటీ అని అడక్కు. వాడి చెవిన పడిందంటే తెల్లార్లూ పాఠం చెప్తాడు."

కోడలు కాగితం మీద వేలు పెట్టి చూసుకుంది. తాళంచెవి, కుర్చీ, నిచ్చెన. నిచ్చెనే! ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. అత్తగారి దుప్పటి సర్దేటప్పుడు మామూలు కన్నా రెండుసార్లు ఎక్కువ దులిపింది.

ఓట్ల రోజున కంపెనీ ఒక పూట సెలవిచ్చింది. బడిలో చిన్నపిల్లల గది. గోడ మీద పెద్ద అక్షరాలు, మూలకి నెట్టేసిన బుల్లి బల్లలు. కోడలు ముందుగా తన ఓటు తను వేసుకుని, మళ్ళీ బయటికొచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆఫీసరు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"తోడు మీరేనా? ఏమవుతారు?"

"కోడల్ని."

"ఆవిడ ఏది చెబితే అదే నొక్కాలి. మీ ఇష్టం కాదు. బయటికెళ్ళి ఎవరికీ చెప్పకూడదు. అర్థమైందా?"

"దానికి అర్థమైందిలే బాబూ, మా వాడికి కూడా ఓసారి చెప్పి చూడు" అంది అత్తగారు. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

అట్టల చాటున పెట్టె ఉంది. ఇద్దరూ భుజాలు ఆనించుకుని నిలబడాల్సినంత ఇరుకు. అత్తగారు చేత్తో తడిమింది, ఆగింది, తల అడ్డంగా ఊపింది.

"వేలు మొద్దుబారిపోయిందే. ఏది ఎక్కడుందో తెలీట్లా. నువ్వే పట్టుకుని పెట్టు. మూడోది."

కోడలు ఆ వేలు అందుకుంది. తన వేలితోపాటు కిందికి నడిపించి నిచ్చెన పక్కన ఆనించింది. ఇక నొక్కడమే తరువాయి.

ఆ వేలి కొసన కాయ ఉంది. సూది వెనక్కి నెట్టీ నెట్టీ గట్టిపడిన కాయ. అది తన వేలికి తగిలేసరికి కోడలికి కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు చటుక్కున గుర్తొచ్చాయి. అత్తగారు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతూ చొక్కా ఒకటి ఒళ్ళోకి విసిరింది. "మూడోది ఊడింది, కుట్టు." తను పైనుంచి మూడోది చూసింది. అది చక్కగానే ఉంది. తెల్లముఖం వేసింది. అత్తగారు పగలబడి నవ్వింది. "కాలరు దగ్గరది మెడ బొత్తాం. అది లెక్కలోకి రాదే పిచ్చిమొహమా. దాని కిందనుంచి ఒకటి."

కంపెనీలో అందరి లెక్కా అదే. ఇస్త్రీ బల్ల దగ్గర తనూ రోజంతా అలాగే లెక్కపెడుతుంది. చొక్కాకి ఉన్నట్టే అని నోరారా చెప్పిందీ తనే. మరి ఆ రాత్రి దీపం కింద తాళంచెవి నుంచి ఒకటి, రెండు, మూడు అని ఎందుకు లెక్కపెట్టింది? మరుపు అనడానికి లేదు. తనకి కావలసిన చోట లెక్క తేలింది, అందుకని మళ్ళీ చూసుకోలేదు.

మెడది తీసేస్తే మూడోది గొడుగు.

అంత తిరుగుడు తిరిగి, అంత గొంతు చించుకుని, తన చేత్తోనే గొడుగాయనకి నొక్కాలా? నొక్కకపోతే ఎవరికి తెలుస్తుంది? అత్తగారికి కనపడదు. ఆఫీసరు చూడకూడదు. వేలు ఉన్నచోటే ఉంది, కాస్త బరువు ఆనిస్తే చాలు. అబద్ధం చెప్పినట్టు కూడా కాదు, మూడోది అన్నది ఆవిడే. పంతులమ్మ గెలిస్తే ఎంతమందికి మేలు! మంచి పనికే కదా.

కొడుకు కూడా ఇన్నేళ్ళూ ఇదే అనుకుని ఉంటాడు. మంచి పనికే కదా, అని. అతని జేబులోంచి తీసి తన కొంగున ముడేసుకుంటే ఆవిడకి ఒరిగేదేమిటి?

"కాస్త త్వరగా అమ్మా" అన్నాడు ఆఫీసరు అవతలి నుంచి.

కోడలు అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"అత్తయ్యా... మెడ బొత్తాం లెక్కలో కలిపావా, వదిలేశావా?"

"మెడదాన్ని ఎవరైనా లెక్కపెడతారటే?" ఆవిడా గుసగుసగానే కసిరింది. "దాని కిందనుంచి మూడు."

"అయితే గొడుగు."

"ఆఁ, అదే." కోడలి చెయ్యి ఉన్నచోటు నుంచి కదలకపోవడం ఆవిడ చేతికి తెలిసింది. "ఏం, నీకు నచ్చలేదా?"

"నాకు నచ్చక్కర్లేదు."

కోడలు ఆ వేలిని ఒక్క గడి కిందికి జరిపింది. "ఇదిగో, ఇక్కడుంది. నువ్వే నొక్కు. నేను నొక్కను." తన చెయ్యి తీసేసింది. ముసలి వేలు ఒంటరిగా నిలబడి, బలమంతా కూడదీసుకుని నొక్కింది. పెట్టె కూత పెట్టింది. ఆ కూతకి అత్తగారు ఉలిక్కిపడి, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. "నేను నొక్కితే కూడా అరుస్తుందే ఇది!"

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్తగారి నడుం చుట్టూ చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చింది. దారి పొడుగునా ఆమెకి ఆవిడ మీద కోపంగానే ఉంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

బడికి దూరంగా, వీధి మలుపులో పంతులమ్మ నిలబడి ఉంది. ఎండకి ముఖం వాడిపోయింది. కోడల్ని చూడగానే గబగబా ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. అత్తగారి తల మీదుగా అడిగింది.

"అయిందా? మీ అత్తగారిది కూడా మనకేగా?"

ఆ ప్రశ్న కోడలికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. అడిగింది పరాయి మనిషి కాదు, మట్టిలో పక్కన కూర్చున్న మనిషి. అయినా ఊరుకోలేకపోయింది.

"నన్నడుగుతారేంటండీ? ఆవిడ ఇక్కడే ఉంది. కళ్ళు కనపడవుగానీ చెవులు పనిచేస్తాయి. నోరైతే ఇంకా బాగా పనిచేస్తుంది."

పంతులమ్మ ముఖం ఎర్రబడింది. అత్తగారు ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"మొన్న మా ఇంటికొచ్చారు కదమ్మా మీరు. గుమ్మంలో కూచున్నది నేనే. నన్ను దాటుకుని లోపలికెళ్ళి దీనితో మాట్లాడి వెళ్ళారు. ఇంకొకాయనా వచ్చాడు. మెట్టు మీద నా పక్కన కూచుని మీకేం కావాలమ్మా అన్నాడు. ఆస్పత్రి మెట్లకి పట్టుకోడానికి కమ్మీ కావాలన్నా. చేయిస్తానని చెప్పలేను, అడిగి చూస్తా అన్నాడు. వెళ్ళి ఎవర్నన్నా అడిగాడో లేదో నాకు తెలీదు. నన్నైతే అడిగాడు."

గేటు దగ్గర ఆ సూపర్‌వైజరుకి పంతులమ్మ ఎలా జవాబిచ్చిందో కోడలు చూసింది. ఇప్పుడూ ఏదో ఒకటి అంటుందనుకుంది. పంతులమ్మ మాత్రం మలుపులో ఉన్న పొట్టి గోడ మీద దుమ్ము చేత్తో దులిపి, అత్తగారిని కూర్చోబెట్టి, తనూ పక్కన చతికిలబడింది.

"తప్పేనమ్మా. ఆ కమ్మీ సంగతి నాకు చెప్పండి. ఎక్కేటప్పుడు ఏ చేతివైపు కావాలి?"

"అలా అడుగు!" అత్తగారు సర్దుకు కూర్చుంది. "ఎక్కేటప్పుడు నాకు కుడిచెయ్యి కావాలి. దిగేటప్పుడూ కుడిచెయ్యే కావాలి. మరి ఒక పక్కే వేస్తే నేను పైకెళ్ళి అక్కడే ఉండిపోవాలా?"

పంతులమ్మ గట్టిగా నవ్వింది. "రెండు పక్కలా వేయించాలంటారు."

"ఈసారికి నా ఓటు అయిపోయింది, ముందే చెప్తున్నా."

"ఓటు కోసం అడగడం లేదులెండి ఇప్పుడు."

"అయితే చెప్తా. అడుగు మెట్టు ఒకటుంది, అది సగం విరిగింది..."

కంపెనీ వైపు నుంచి మధ్యాహ్నం షిఫ్టు కూత వినిపించింది. కోడలు అత్తగారి భుజం తట్టింది. "అత్తయ్యా, నాకు పనికి టైమైంది. ముందు నిన్ను ఇంట్లో దింపుతా, పద."

"నువ్వెళ్ళవే. మేం మాట్లాడుకుంటున్నాం, కనపట్టం లేదూ?"

"నేను తీసుకెళ్ళి దింపుతాలే" అంది పంతులమ్మ, ఇటు తిరక్కుండానే.

కోడలు కొంగు నడుముకి దోపుకుని కంపెనీ దారి పట్టింది.